కారణమెరిగిన వైద్యం

రోగానికి కారణం తెలియనంత కాలం మానవుడు దానికి తలవంచుతూనే వచ్చాడు. కొందరు గ్రహచారమన్నారు, కొందరు గాలి సోకిందన్నారు. తెలుగులో చలిజ్వరమనీ, ఉర్దూలో జాడా బుఖార్ అనీ పిలిచే మలేరియాయే ఇందుకు తార్కాణం. ఇటాలియను భాషలో ఆ పేరుకు 'చెడుగాలి' అని అర్థం. చిత్తడి నేలల దుర్గంధమే జ్వరకారణమని వైద్యులు సైతం శతాబ్దాల తరబడి విశ్వసించారు.

ఆ రోజులలో మందు లేకపోలేదు. సింకోనా బెరడు నుండి తీసిన క్వినైన్ జ్వరాన్ని తగ్గించేది. అయితే జ్వరం ఎందుకు వస్తున్నదో తెలియని వైద్యుడు, వచ్చిన తరువాత చికిత్స చేయగలడేగాని రాకుండా ఆపలేడు గదా!

1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. అది ఒకరి నుండి మరొకరికి ఎట్లా చేరుతున్నదన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. ఆ చిక్కుముడి మన జంటనగరాలలోనే వీడనారంభించిందని తలచినప్పుడు మాకు గర్వం కలుగుతుంది. రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు రెండేళ్ళపాటు దోమలను కోసి పరీక్షించి, పదేపదే నిరాశ చెందాడు. తుదకు 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో ఆ పరాన్నజీవి అతనికి కనిపించింది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షులపై చేసిన పరిశోధనలో, దోమకాటే వ్యాధిని మోసుకొనిపోతున్నదని రుజువైంది.

సికింద్రాబాదులో ఆ దోమలు కుట్టినది హుసేన్ ఖాన్ అనే రోగిని. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించింది. అణాలు పుచ్చుకున్నవాని నెత్తురు లేనిదే ఆ బహుమతి లేదు. ఆ పేరును కూడా మనం గౌరవంతో స్మరించాలి.

ఈ జ్ఞానంతో వైద్యం మందుసీసాను దాటి మురుగుకాలువ దాకా, నీటితొట్టి దాకా నడిచింది. జ్వరాల వాతపడి వేలాది కూలీలు మరణించిన పనామాలో, 1904 తరువాత దోమల నిర్మూలన సాగింది. 1914లో కాలువ తెరుచుకుంది.

కారణం తెలిసిన నాడే బాధ్యత కూడా మన తలకెక్కింది. విధి అనుకున్నంత కాలం ఎవరూ దోషులు కారు. నిలువనీటిలో దోమ పుడుతుందని తెలిసిన తరువాత, మూతలేని తొట్టి ఎవరిదన్న ప్రశ్న తప్పదు.

మిత్రులారా! దోమ జీవితచక్రాన్ని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవారు మనలో ఎందరో ఉన్నారు. గ్రుడ్డు దోమ కావడానికి వారం నుండి రెండు వారాలు పడుతుంది. వారానికొకసారి తొట్లు కడిగి ఆరబెడితే ఆ చక్రం అక్కడే తెగిపోతుంది. కళాశాల కార్యవర్గం వారు వసతిగృహపు నీటితొట్లకు మూతలు చేయించి ఇస్తే, ప్రతి ఆదివారం వాటిని కడిగే పని విద్యార్థులమైన మేము సంతోషంతో స్వీకరిస్తాము.