మూడవ తరగతిలో సింహళయాత్ర

విదేశయాత్ర యనగానే మన యిండ్లలో లక్షల లెక్క మొదలగును. కుమారుడో కుమార్తెయో సముద్రముల కవ్వల నుద్యోగము చేయుచు టికెట్టు పంపిననే గాని గృహిణికి విమానమెక్కు యోగము లేదని పలువురి తలంపు. సోదరీమణులారా! అట్టి టికెట్టుకై వేచియుండక, భువనగిరినుండి మేమును, మా వదినెయు, మా చిన్నమ్మయు మువ్వురము 2024 సంక్రాంతి సెలవులలో ఎనిమిది దినములు సింహళద్వీపమును చూచి వచ్చితిమి.

ధనమెట్లు కూడినదని మొదట అడుగుదురు గనుక చెప్పెదము. నెలకు రెండువేల చొప్పున ఏడాదిన్నర చీటీ కట్టితిమి. తలకు ముప్పదియారు వేలు చేతికి వచ్చెను. అందు సగమునకు కొంచెము తక్కువ విమానమునకే పోయినది. 2023 అక్టోబరులో లంక మంత్రివర్గము మన దేశముతో సహా ఏడు దేశములవారికి వీసా రుసుమును 2024 మార్చి వరకు తీసివేయగా, ఆ వార్తయే మాకు ధైర్యమిచ్చినది. ఈ నియమములు తరచు మారుచుండును. పోదలచిన వారు బయలుదేరుటకు ముందు సరిచూచుకొనవలెను.

"రావణుని యూరికి ఆడవాండ్రు ఒంటరిగా పోవుటయా?" అని మా వీధిలోని పెద్దమ్మ యొకతె బుగ్గలు నొక్కుకొనెను. "ఆ తల్లిని వాడెత్తుకొని పోయెను పెద్దమ్మా! మేము టికెట్టు కొని పోవుచున్నాము" అని వదినె నవ్వించెను. సికిందరాబాదున చెన్నపట్నపు రైలెక్కితిమి. అది మరల మా గుట్ట ప్రక్కనుండియే పోవును. చీకటిలో గుట్ట కానరాకున్నను చిన్నమ్మ ఆ దిక్కునకు చేతులు జోడించెను. చెన్నపట్నమునుండి కొలంబో విమానాశ్రయమునకు గంటన్నర ప్రయాణము లేదు. మా యూరినుండి నల్లగొండకు బస్సులో పోవుటకు అంతకంటె హెచ్చు సమయము పట్టును.

ఆ దేశపు బస్సులు మన బస్సులవలెనే క్రిక్కిరిసి యుండును. ముందరి ఆసనము బౌద్ధభిక్షువులకై విడిచియుంతురు. మన రూపాయికి వారి రూపాయలు నాలుగుకు కొంచెము తక్కువగా వచ్చుచుండుటచే, మొదటి దినమున మేము ప్రతి ధరను నాలుగింట భాగించి "అబ్బ! ఎంత చౌక!" అనుకొనుచుంటిమి. భోజనము మనకు పరాయిది కాదు. ఇడియాప్పములు, కొబ్బరిపాలు పోసిన ఎఱ్ఱపప్పు, పనసకాయ కూర, వెలగపండు రసము, మట్టిచట్టిలో తోడుపెట్టిన గేదెపెరుగుపై జీలుగ బెల్లపుపాకము. ఈ తుదిదానిని తలచికొన్న ఇప్పటికిని నోరూరును. శాకాహారులు మాత్రము జాగ్రత్తగా నుండవలెను. కొబ్బరి సంబోలు మన కొబ్బరిపచ్చడివలె కనబడును గాని, అందు ఉంబలకడ యను ఎండుచేప పొడి కలుపుట వారి వాడుక. చిన్నమ్మ శాకాహారి యగుటచే ప్రతిచోటను ముందుగా అడిగియే తినుచుండెను.

సిగిరియకు పోయినప్పుడు మాకు పుట్టినూరే జ్ఞప్తికి వచ్చెను. భువనగిరి కోట ఐదువందల యడుగులకు మించిన ఏకశిలపై నున్నది. త్రిభువనమల్ల బిరుదము దాల్చిన పశ్చిమ చాళుక్య ప్రభువు ఆఱవ విక్రమాదిత్యుని పేర అది త్రిభువనగిరి యయినది. ఆ రాతిపై ప్రాకుట నేర్చిన మాలావత్ పూర్ణ యను మన బాలిక 2014 మే 25న, పదుమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు శిఖర మెక్కినది. సిగిరియయు అట్టి ఏకశిలయే. ఎత్తు రమారమి ఆఱువందల యడుగులు. తండ్రియగు ధాతుసేనుని చంపించి గద్దెనెక్కిన కాశ్యపుడు, భారతదేశమునకు పారిపోయిన తమ్ముడు ఎప్పుడు దండెత్తునో యను భయముతో ఐదవ శతాబ్దమున దానిపై నగరు కట్టుకొనెనని వారి చరిత్రగ్రంథములు చెప్పును. తమ్ముడు సేనతో తిరిగి రానే వచ్చెను. 495లో కాశ్యపుని కథ ముగిసెను. మెట్లు వేయికి పైబడియున్నవి. మోకాళ్ల నొప్పి గల చిన్నమ్మ సింహపాదముల కడ కూర్చుండి, "మీరు పోయి రండి, కోట యెట్లుండునో నాకు తెలియును" అనెను. ప్రవేశరుసుము బరువైనదే గాని, పొరుగుదేశపు వారమని పాస్‌పోర్టు చూపిన తగ్గింపు కలదు.

అందరును అచ్చటి చిత్రములలోని సుందరీమణులను చూచుటకు పోవుదురు. మమ్ము నిలిపినది దాని క్రింది అద్దపుగోడ. ఒకప్పుడు మొగము కనబడునంత నునుపుగా మెఱుగుపెట్టిన ఆ గోడపై, ముఖ్యముగా ఎనిమిది మొదలు పదియవ శతాబ్దము వరకు, చూడవచ్చినవారు సింహళ పద్యములు గీసి పోయిరి. పరణవితాన పండితుడు వానిలో 685 పద్యములను చదివి 1956లో ప్రకటించెను. వ్రాసినవారిలో స్త్రీలును కలరు! వేయేండ్ల క్రిందట ఆ యడవిదారిని నడచి, ఆ రాతినెక్కి, తన మాటను గోడపై నిలిపిన ఆ స్త్రీ ఇంట ఎవరి యనుమతి పొంది వచ్చెనో, పిల్లలను ఎవరికొప్పగించి వచ్చెనో! వదినె ఆ గోడముందు చాలసేపు మాటలాడలేదు.

కండిలో మూడు రాత్రులు ఒక గృహస్థురాలి యింట నుంటిమి. ఆమె తన యింటి రెండు గదులను యాత్రికుల కద్దెకిచ్చును. కొంత తమిళము, కొంత ఇంగ్లీషు వచ్చును. మమ్ము "అక్కా" యని పిలిచెను. సింహళమున గూడ అక్క అక్కయే. చెల్లెలు మాత్రము నంగి. గది యద్దె తగ్గించుమని వదినె బేరమునకు దిగగా ఆమె కాదనక తగ్గించెను. ఆ రాత్రి భోజనమునకు అన్నము, పప్పు, క్యారెట్టు కూర వడ్డించిరి. ఆ మాసమున లంకలో క్యారెట్టు కిలో వేయి రూపాయలు దాటియుండెను. ఆ కూర మా పళ్లెములలోనే గాని ఆమె యిరువురు పిల్లల పళ్లెములలో లేదు. మాలో ముందుగా దానిని కనిపెట్టినది చిన్నమ్మ.

పిల్లలు పండుకొనిన తరువాత ఆమె 2022 సంగతులు చెప్పెను. ఆ యేప్రిలు 12వ తేదీన లంక ప్రభుత్వము విదేశీయప్పులు తీర్చలేమని ప్రకటించినది. మార్చి మొదట డాలరుకు 200 చిల్లరగా నుండిన వారి రూపాయి మే నాటికి 350 దాటినది. కాగితము లేక పశ్చిమ రాష్ట్రపు బడులలో పరీక్షలు ఆగిపోయినవి. సెప్టెంబరునాటికి ఆహారపదార్థముల ధరలు ముందటేటికంటె దాదాపు రెట్టింపైనవి. జూలై 9న జనులు రాష్ట్రపతి భవనములో చొరబడిన సంగతి పత్రికలలో మనమును చూచితిమి. ఆమె భవనములమాట ఎత్తలేదు. గ్యాసు సిలిండరుతో రెండు దినములు వరుసలో నిలిచి వట్టిచేతులతో తిరిగివచ్చుట, పెరటిలోని పనసకొమ్మలు నరికి పొయ్యి రాజేయుట, పాలపొడి డబ్బాను అలమారలో పెట్టి తాళము వేయుట, ఇవి చెప్పెను. మేము నాలుగింట భాగించి సంతసించిన లెక్క అవతలివైపునుండి ఎట్లుండునో అప్పుడు తెలిసినది.

ఆ రాత్రి మా గదిలో చిన్న వాదము జరిగినది. ఆమె ఒప్పుకొన్న ధరయే గదా, బేరమాడుట లోకసహజమే గదా యని వదినె. మనయొద్ద మాత్రమేమి మూలుగుచున్నది, మనదియు చీటీసొమ్మే యని కూడ అనెను, అదియు నిజమే. యాత్రికుల వాహనములవారితో ముందే ధర తెగవేసికొనుట మంచిదని మా యభిప్రాయము, ఏలయన వారు మొగము చూచి ధర చెప్పుదురు. పిల్లల తల్లి తన పొయ్యిమీద వండి పెట్టిన యన్నమునకు బేరమాడుట మాకు నచ్చదు. చిన్నమ్మ ఏ పక్షమును చేరలేదు. తెల్లవారగానే తాను భువనగిరినుండి తెచ్చిన చింతపండు, ఎండుమిరపకాయలు తీసికొని వంటింటిలో దూరి, వారి ఎఱ్ఱపప్పుతోనే పప్పుచారు కాచి, అందరికిని ఒకే గిన్నెనుండి వడ్డించెను. పిల్లలు కన్నీళ్లు కార్చుచు, నాలుక చాపుచు, మరల అడిగి పోయించుకొనిరి. బయలుదేరునాడు వదినె మొదట చెప్పిన యద్దెనే లెక్కించి ఇచ్చెను.

కండిలో దంతధాతువు గల దళదా మాళిగను అందరును చూతురు. తెలుగువారు దాని ముందరి చెఱువు నొడ్డున కొంచెముసేపు నిలువవలెను. తెలుగు మూలముగల మధుర నాయకుల బంధువర్గమువారు 1739 మొదలు 1815 వరకు కండి నేలిరి. వారిలో కడపటివాడు శ్రీవిక్రమ రాజసింహుడు ఆ చెఱువును 1807లో త్రవ్వించెను. ఆంగ్లేయు లతనిని పట్టి వెల్లూరు కోటకు పంపగా, 1832లో అచటనే మరణించెను.

కండినుండి తేయాకు కొండలమీదుగ పోవు రైలులో మూడవ తరగతి టికెట్టు కొంటిమి. కిటికీలకు అద్దములు బిగింపబడక గాలి ధారాళముగా వచ్చుచుండెను. వాలులలో బుట్టలు వీపున వ్రేలాడ ఆకు గిల్లుచున్న స్త్రీలు తమిళనాట నుండి వచ్చిన కూలీల సంతతివారు. 1948 పౌరసత్వ చట్టము వారిలో లక్షలమందిని ఏ దేశమునకును చెందనివారిగ చేసినది. వారి దినకూలి 2021లో వేయి రూపాయలైనది. మరుసటియేడే రూపాయి పడిపోయినది. ఆ కూలి తరువాత పెంచిరి. చలికి కొంగులు కప్పుకొని మేము తాగిన తేనీరు మాత్రము అమృతతుల్యము.

2025 నవంబరు చివర దిత్వా తుపాను ఆ కొండసీమపై విరుచుకొనిపడి వందలమందిని బలిగొన్నది. కొండచరియలు జారి ఆ రైలుమార్గము పలుచోట్ల తెగినది. పోదలచిన సోదరీమణులు ముందు విచారించి బయలుదేరవలెను. వార్త విన్ననాడు కండి గృహస్థురాలికి మువ్వురమును ఫోనులో సందేశములు పంపితిమి. నాలుగు దినములు జవాబు లేదు. ఐదవనాడు వచ్చెను: పిల్లలు క్షేమము, ఇల్లు నిలిచినది, పెరటిగోడయు పనసచెట్టును పోయినవి, గదులకు ఎవరును వచ్చుట లేదు. చివర, చింతపండు మరువవద్దని చిన్నమ్మకు చెప్పుమని వ్రాసెను.

ఆ మరుసటి నెలనుండి మువ్వురమును మరల చీటీ కట్టుచున్నాము.