ప్రిన్సిపాల్‌ను ఎంచుకునే అమ్మానాన్నలు

కోరం కోసం ఎదురుచూస్తున్నారు. షికాగో నగరంలో, మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే పేటలో ఒక ప్రభుత్వ బడి. లైబ్రరీలో పిల్లల బల్లల చుట్టూ పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఇంకొక్కరు వస్తే గాని సమావేశం మొదలుకాదు. ఆ ఒక్కరు హోటల్ గదులు శుభ్రం చేసే ఓ తల్లి. షిఫ్టు దిగి బస్సెక్కానని ఫోన్ చేసింది. ప్రిన్సిపాల్‌తో సహా ఎవరూ విసుక్కోలేదు. చట్టప్రకారం ఇవి బహిరంగ సమావేశాలు కాబట్టి నాలాంటి బయటివాళ్లూ వెనక కూర్చుని వినొచ్చు.

దీని పేరు లోకల్ స్కూల్ కౌన్సిల్. ఆరుగురు తల్లిదండ్రులు, పేటవాసులు ఇద్దరు, టీచర్లు ఇద్దరు, బోధనేతర సిబ్బంది నుంచి ఒకరు, ప్రిన్సిపాల్. చూడ్డానికి మన స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలాగే ఉంటుంది గానీ అధికారాల్లో పోలికే లేదు. షికాగోలో చాలా బడుల్లో ప్రిన్సిపాల్ ఎవరో తేల్చేది కౌన్సిలే. నాలుగేళ్ల కాంట్రాక్టు. గడువు తీరాక ఉన్నవాళ్లనే ఉంచాలా, కొత్తవాళ్లను వెతకాలా అన్నదీ వీళ్ల చేతిలోనే ఉంటుంది. బడి బడ్జెట్‌కు వీళ్ల ఆమోదం కావాలి.

ఇదేమీ ఊరికే దక్కలేదు. 1987లో షికాగో టీచర్ల సమ్మె 19 రోజులు సాగింది. దేశంలోకెల్లా అధ్వాన్నమైన బడులు ఇక్కడివేనని అప్పటి అమెరికా విద్యామంత్రి విలియం బెన్నెట్ అదే ఏడాది అన్నాడు. తల్లిదండ్రుల ఒత్తిడితో ఇల్లినాయ్ శాసనసభ 1988లో ఈ కౌన్సిళ్లను తెచ్చే చట్టం చేసింది. 1989లో తొలి ఎన్నికలు జరిగాయి. కానీ 1995లో వచ్చిన మరో చట్టం నగర విద్యాబోర్డును మేయర్ గుప్పిట్లో పెట్టింది. అప్పటి నుంచీ ఒకే బడికి రెండు చోట్ల పెత్తనం.

ఆ తల్లి వచ్చింది. వచ్చే ఏడాదికి చదవడంలో వెనకబడిన పిల్లలకు ప్రత్యేక టీచరును పెట్టుకోవాలా, కౌన్సెలర్‌ను పెట్టుకోవాలా? డబ్బు ఒక్కరికే సరిపోతుంది. మొత్తం ఎంతన్నది పైన తేలుతుంది, ఎక్కడ కోత పెట్టుకోవాలన్నది మాత్రం వీళ్లు తేల్చుకోవాలి. ప్రిన్సిపాల్ ఇబ్బంది ఆమె ముఖంలోనే తెలుస్తోంది. ఆ అంకెను పై ఆఫీసు తరఫున సమర్థించాలి, తనను నియమించిన ఈ బల్లకూ జవాబు చెప్పాలి. ప్రతి మాటా ఇంగ్లిష్‌లో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి. హోటల్ నుంచి వచ్చిన తల్లి పట్టికలో ప్రతి గడి అర్థమేమిటో చెప్పించుకుంది. దానికే అరగంట దాటింది. ఆ అరగంట వృథా అని నేననుకోను. అర్థం కాని కాగితం మీద చెయ్యెత్తిస్తే దాన్ని ఆమోదం అనలేం.

ఇంతా చేసి, పెద్ద నిర్ణయాల దగ్గర కౌన్సిల్ మాట చెల్లుతుందా? 2013లో బోర్డు ఒక్కసారిగా దాదాపు 50 బడులు మూసేసింది. వాటిలో ఎక్కువ నల్లజాతి పిల్లలు చదివేవి. తల్లిదండ్రులు ఎంత మొత్తుకున్నా ఆగలేదు. బడిలో పోలీసులుండాలా వద్దా అన్నది కొన్నేళ్లపాటు హైస్కూలు కౌన్సిళ్ల ఓటుకు వదిలి, 2024 ఫిబ్రవరిలో అన్ని బడుల్లోనూ తీసేయాలని బోర్డే తీర్మానించింది. ఆ తీర్మానం మంచిదే కావచ్చు. కానీ ఒకసారి కింద పెట్టిన నిర్ణయాన్ని పైకి లాక్కుంటే, తర్వాతి ఎన్నికల్లో నిలబడడానికి ఎవరు ముందుకొస్తారు? ఇప్పటికే చాలా కౌన్సిళ్లలో సీట్లు ఖాళీ.

షికాగో బడులను ఏళ్ల తరబడి పరిశీలించిన ఆంథొనీ బ్రిక్, బార్బరా ష్నైడర్ 2002లో తెచ్చిన పుస్తకంలో తేల్చిందేమిటంటే, టీచర్లు, తల్లిదండ్రులు, ప్రిన్సిపాల్ మధ్య పరస్పర నమ్మకం గట్టిగా ఉన్న బడుల్లోనే పిల్లల లెక్కలూ చదువూ మెరుగుపడే అవకాశం ఎక్కువ. ఆ నమ్మకం ఒక్క చట్టంతో పుట్టదు. కానీ చట్టమే లేకపోతే ఈ మనుషులు ఒక బల్ల దగ్గరికి వచ్చేవారే కాదు.

కౌన్సిల్ ఎన్నికల్లో ఓటుకు పౌరసత్వం అక్కర్లేదు. హెచ్‌-1బీ వీసా మీద నగరంలో ఉంటూ పిల్లల్ని ప్రభుత్వ బడికి పంపే తెలుగువాళ్లకూ ఆ హక్కుంది. నగర శివార్లలోని నేపర్‌విల్, అరోరాల్లో ఉండే మనవాళ్లకు మాత్రం ఇది వర్తించదు, అవి వేరే విద్యా జిల్లాలు.

మన విద్యాహక్కు చట్టమూ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో మూడొంతుల మంది, అంటే నాలుగింట మూడు వంతులు, తల్లిదండ్రులే ఉండాలంది. సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. హెచ్‌ఎం ఎవరన్నదాంట్లో మాత్రం వాళ్లకు మాట లేదు. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా సంఘాల వాళ్లను అధ్యక్షుల్ని చేసి, మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతుల పనులు అప్పగించారు. మంచి పనే. పంపులు బాగుచేయించగల అమ్మలు, బడి నడిపే మనిషి గురించి కనీసం రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పలేరా?

ఇక్కడ, షికాగో లైబ్రరీలో చేతులు లేచాయి. కౌన్సెలర్ గెలిచింది. చదువు టీచరు కావాలని గట్టిగా వాదించిన టీచరు కాగితాలు సర్దుకుంటుంటే అధ్యక్షురాలు ఆపింది. వెనకబడిన పిల్లల చదువుకు ఏంచేయాలో ఆమెనే రాసుకురమ్మంది, వచ్చే నెల అజెండాలో అదే మొదటి అంశంగా పెట్టించింది. ప్రిన్సిపాల్ తన టైంటేబుల్‌లో రోజుకు ఒక పీరియడ్ దానికి వదులుతానని మినిట్స్‌లో రాయించుకుంది.