దుఃఖించు యౌవనుల యింట ఏమి చెప్పుదము?



మీ సంఘములో యౌవనప్రాయమందున్న వారెవరైనను ఈ మధ్య తమకు ప్రియమైనవారిని పోగొట్టుకొనిరా? మీరు ఆ యింటికి వెళ్లియుందురు. గుమ్మము ముందర చెప్పులు విడిచి, చాపమీద కూర్చుండి, ఏమి పలుకవలెనో తోచక, అందరు చెప్పు మాటనే మీరును చెప్పియుందురు. "దేవుని చిత్తము, మనమేమి చేయగలము?" అనియో, "ధైర్యము తెచ్చుకో తల్లీ, చిన్నదానవు, ముందు జీవితమంతా ఉన్నది" అనియో అనియుందురు. ఆ మాటలు అబద్ధములు కావు. అయినను విన్నవారి ముఖము చూచినప్పుడు అవి లోపలికి పోలేదని మీకే తెలిసియుండును. ఈ నెల ఆ సంగతిని గూర్చియే మీతో మాటలాడగోరుచున్నాను. దానిని గూర్చి నన్ను ఆలోచింపజేసినది ఒక నవల.

నవల అనగానే మన పెద్దలలో కొందరు బొమలు ముడుచుదురు. అందులోను ప్రేమకథ యనిన మరి చెప్పనక్కరలేదు. నర్సుపని నేర్చుకొనుచున్న మా తమ్ముని కుమార్తె సెలవులకు వచ్చి, రాత్రి దీపమార్పక ఏడ్చుచు ఒక పుస్తకము చదువుచుండెను. ఇంతగా ఏడ్పించునది ఏమిటో చూడవలెనని నేనును దానిని పట్టుకొంటిని. రెండు రాత్రులలో ముగించితిని.

దాని పేరు 'ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్'. మన నక్షత్రములలోని దోషము అని అర్థము చెప్పుకొనవచ్చును. 2012వ సంవత్సరము జనవరిలో అది అమెరికాలో వెలువడెను. వ్రాసిన జాన్ గ్రీన్ యౌవనమందు పాదిరి కావలెనను తలంపుతో ఓహియో రాష్ట్రమందలి కొలంబస్ పట్టణపు పిల్లల ఆసుపత్రిలో కొన్ని నెలలు చాప్లెయినుగా ఉండెను. అనగా రోగులైన పిల్లలయొద్దను, వారి తలిదండ్రులయొద్దను కూర్చుండి ఆదరించు పని. అక్కడ చూచినదంతయు చూచి, ఆయన పాదిరి కాక రచయిత ఆయెను. ఎస్తేర్ ఎర్ల్ అను చిన్నది ఆయనకు స్నేహితురాలు. థైరాయిడ్ కాన్సరుతో ఆమె 2010 ఆగస్టులో 16 ఏండ్ల వయస్సున మరణించెను. ఈ పుస్తకమును ఆయన ఆమెకు అంకితమిచ్చెను.

కథ ఇండియానాపోలిస్ అను పట్టణములో జరుగును. హేజెల్ అను పదునారేండ్ల చిన్నదానికి కాన్సరు ఊపిరితిత్తులకు ప్రాకినది. చక్రముల బండిమీద ఆక్సిజన్ సిలిండరు లాగుకొనుచు, ముక్కునకు గొట్టము తగిలించుకొని తిరుగుచుండును. తల్లి బలవంతముమీద ఆమె ఒక దేవాలయపు నేలమాళిగలో రోగులైన పిల్లలు కూడుకొను కూడికకు పోవును. అక్కడ పదునేడేండ్ల అగస్టస్‌ను చూచెను. ఎముక కాన్సరువలన అతని కాలు ఒకటి తీసివేసిరి. అతని స్నేహితుడు ఐజాక్ ఉన్న ఒక్క కన్నును పోగొట్టుకొనబోవుచున్నాడు. కూడిక చివరను నాయకుడు ప్రార్థించుచు, చనిపోయిన పిల్లల పేరులన్నియు చదువును. ఆ పట్టిక పెరుగుచునే యుండును.

హేజెల్, అగస్టస్ ఒకరినొకరు ప్రేమించిరి. మొదట ఆమె దూరముగా ఉండగోరెను. తాను చనిపోవునప్పుడు ఎంత తక్కువమందికి గాయమగునో అంత మేలని ఆమె తలంపు. కాని ముందు పోయినవాడు అతడే. పోయినదనుకొన్న రోగము తిరుగబెట్టెను. ఈ పుస్తకములో ఉన్నదంతయు మన బిడ్డలకు మాదిరియని నేననను. పెండ్లి కాకమునుపటి కలయిక వంటివి అందులో ఉన్నవి, అవి మనము నేర్పునవి కావు. అయితే దుఃఖమును గూర్చి ఆ పుస్తకము నిజము చెప్పినది.

అగస్టస్ భూస్థాపన దినమున హేజెల్ ఎవరు? భార్య కాదు. ప్రధానము జరిగినది కాదు. చుట్టము కాదు. స్నేహితురాలు మాత్రమే. ఆమె నష్టము ఎంతటిదో చూచువారికి ఎట్లు తెలియును?

ఇది దూరదేశపు సంగతి యనుకొనకుడి. మా ఊరిలో ఒక అమ్మాయికి ప్రధానము జరిగి, దేవాలయములో రెండు ఆదివారములు పెండ్లి ప్రకటన చదివిరి. మూడవ ఆదివారము రాకమునుపే పెండ్లికుమారుడు లారీ క్రింద పడి చనిపోయెను. అతని ఊరిలో జరిగిన ఆదరణ కూడికలో తల్లికొరకు, తండ్రికొరకు, అక్కచెల్లెండ్రకొరకు ప్రార్థించిరి. ఈమె పేరు ఎవరును ఎత్తలేదు. ఇంటికి వచ్చినవారు, "మెడలో సూత్రము పడకముందే జరిగింది, దేవుడు నిన్ను తప్పించాడు" అనిరి. ఆరు నెలలకే వేరు సంబంధపు మాటలు మొదలాయెను.

ఏడాది దాటిన తరువాత, చింతపండులో గింజలు తీయుటకు ఆమె సాయంకాలములు మా యింటికి వచ్చుచుండెను. నోరు విప్పేది కాదు. పని చేయుచు నేను ఈ కథ ఆమెకు నాలుగు సాయంకాలములు చెప్పితిని. అగస్టస్ చనిపోయిన చోట ఆమె చేతులు ఆగిపోయినవి.

"ఆ అమ్మాయి తరువాత ఏమైంది, అత్తా?" అని అడిగెను.

నవల అంతవరకు చెప్పదంటిని.

"అతన్ని గురించి ఆమెను ఎవరైనా అడిగారా?" అనెను.

అప్పుడు నేను కథ విడిచిపెట్టి, "నీవు చెప్పమ్మా. మీ అబ్బాయి ఎటువంటివాడు?" అని అడిగితిని. ఆ రాత్రి పది గంటలవరకు ఆమె చెప్పుచునే యుండెను. నవ్వునప్పుడు చేయి అడ్డము పెట్టుకొనునట. చారు లేనిదే అన్నము ముట్టడట. చివరను, "ఏడాది దాటింది అత్తా, ఒక్కరూ నన్ను ఇది అడగలేదు" అనెను. ఆ తరువాత ఆమె దుఃఖము తీరిపోయెనని నేను చెప్పను. కాని మరుసటి దినమునుండి ఆమె మాటలాడెను.

మరల నవలకు వచ్చెదను. అగస్టస్ ఇంటిలో గోడలమీదను దిండ్లమీదను ఆదరణ మాటలు కుట్టియు వ్రాసియు ఉండును. మన యిండ్లలో వాక్యపు పటములును క్యాలెండరులును ఉన్నట్లే. ఆ యౌవనులకు అవి నవ్వు పుట్టించును. మరణమునకు కొన్ని దినములు ముందు అగస్టస్, తన భూస్థాపనలో తనను గూర్చి ఏమి చెప్పుదురో బ్రదికియుండగనే వినగోరి, హేజెల్‌ను ఐజాక్‌ను ఆ నేలమాళిగకు పిలిచెను. అక్కడ హేజెల్ తన హృదయమందున్నదంతయు చెప్పెను. కొద్ది దినములలోనే తనకు దొరికిన గొప్ప ప్రేమకొరకు కృతజ్ఞత చెల్లించెను. అయితే నిజమైన భూస్థాపన నాడు ఆ మాటలు పలుకలేదు. గోడమీది ఆదరణ మాటలలో ఒకదానిని తీసి చెప్పెను. భూస్థాపన కూడిక చనిపోయినవానికొరకు కాదు, మిగిలినవారికొరకని ఆమె గ్రహించెను. అతని తలిదండ్రులకు ఆ మాట కావలసియుండెను. కనుక తాను నవ్విన మాటనే వారికొరకు తన నోట పలికెను.

చూచితిరా? తప్పు మాటలో లేదు. ఒకరి ఏడ్పు ఆపివేయుటకు చెప్పిన మంచిమాట రాయివలె తగులును. తానును ఏడ్చుచున్నవాడు చెప్పినప్పుడు అదే మాట రొట్టె యగును. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితోకూడ నేలమీద మౌనముగా కూర్చున్నంత కాలము మంచి స్నేహితులే. ప్రభువు లాజరును లేపబోవుచున్నానని ఎరిగియుండియు బేతనియలో కన్నీళ్లు విడిచెను గదా!

ఇంకొక సంగతి. హేజెల్ పదునాలుగేండ్ల వయస్సున చావు దగ్గరకు వెళ్లినప్పుడు, తాను ఇక తల్లిని కాకపోవుదునని తల్లి భర్తతో అనుట ఆమె చెవిని పడెను. ఆ మాట ముల్లువలె ఆమెలో నిలిచిపోయెను. తన తరువాత అమ్మ ఏమగును? ఆమెకు ప్రియమైన ఒక పుస్తకము వాక్యము మధ్యనే ఆగిపోవును. అందులోని తల్లి తరువాత ఏమాయెనో అడుగుటకు ఆమె అగస్టస్‌తో ఆమ్‌స్టర్‌డామ్ వరకు ప్రయాణముచేసి రచయితను కలిసికొనెను. అతడు ఎనిమిదేండ్ల కుమార్తెను కాన్సరువలన పోగొట్టుకొని త్రాగుడులో మునిగినవాడు. కఠినముగా మాటలాడి పంపివేసెను. జవాబు హేజెల్‌కు తన యింటనే దొరికెను. తల్లి రహస్యముగా సోషల్ వర్క్ చదువు చదువుచుండెను. రోగులైన బిడ్డల కుటుంబములకు తోడుగా నిలుచుటకు ఆ చదువు. కూతురు నొచ్చుకొనునని దాచియుంచెను. హేజెల్ నొచ్చుకొనలేదు, మిక్కిలి సంతోషించెను. నీవు పోయినను నేను నీ తల్లినే యని తల్లి చెప్పిన మాటతో ఆ ముల్లు ఊడివచ్చెను. బిడ్డల చావు ముందర నిలిచిన యిద్దరిలో ఒకరు దుఃఖమును తామే త్రాగుచు కూర్చుండిరి. మరియొకరు ఇతరుల దాహము తీర్చుటకు బయలుదేరిరి.

2020లో ఈ కథ జంషెడ్‌పూర్ పట్టణమునకు మార్చబడి, 'దిల్ బేచారా' అను హిందీ చిత్రముగా వచ్చెను. అందులో నటించిన సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ ఆ సంవత్సరము జూన్ 14న 34 ఏండ్లకే మరణించెను. చిత్రము జూలై 24న విడుదలాయెను. కోవిడ్‌వలన సినిమాహాళ్లు మూసియుండుటచేత మన పిల్లలు ఫోనులలో చూచి ఏడ్చిరి. ఎవరో నటునికొరకు ఇంత ఏడ్పా యని కొందరు నవ్విరి. కాని ఆ కాలములో ఎందరో పిల్లలు తమ తాతను గాని తండ్రిని గాని చివరిసారి చూడనైన చూడలేకపోయిరి. సొంత దుఃఖమునకు చోటు దొరకనివారు కథలో ఏడ్చుదురు. వారి చేతిలోని పుస్తకము లాగివేయకమునుపు, ఈ కన్నీళ్లు ఎవరికొరకో ఒక్కసారి విచారించుడి.

కాబట్టి ప్రియులారా, మూడవ దినమున వెళ్లితిమి గదా యని ఊరకుండకుడి. మూడవ నెలలోను వెళ్లుడి. ఏడాది తిరిగినప్పుడును వెళ్లుడి. చేతిపని ఏదైనను తీసికొనిపోవుడి, చేతులు కదలుచుండగా నోరు విప్పుట సులభము. ప్రార్థనలో తలిదండ్రులతోపాటు స్నేహితుని పేరును, ప్రధానము జరిగిన పిల్ల పేరును ఎత్తుడి. చనిపోయినవారి పేరు పలుకుటకు భయపడకుడి. ఆ పేరు వారు మరచిపోయియుండలేదు, మీరు గుర్తుచేయుటవలన క్రొత్త గాయమేమియు కలుగదు. ఆయన ఎటువంటివాడు, ఆమె ఎటువంటిది అని అడుగుడి. అడిగినమీదట, వారు చెప్పి ముగించువరకు లేవక కూర్చుండి వినుడి.