పడగొట్టనివ్వని ఊరు: సియాటిల్ డౌన్‌టౌన్

సియాటిల్ డౌన్‌టౌన్‌కు పడమటి హద్దు ఎలియట్ బే అనే సముద్రపు పాయ. నీటి ఒడ్డు నుంచి తూర్పుకు వీధులు ఆయాసం వచ్చేంత నిటారుగా కొండెక్కుతాయి. రెడ్‌మండ్, బెల్‌వ్యూ, బోతెల్, సమామిష్‌లలో కాపురాలున్న తెలుగువాళ్ళకు ఇది సరస్సుకు ఆవలి ఊరు. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు స్పేస్ నీడిల్ ఎక్కించి, స్టార్‌బక్స్ ముందు ఫొటో తీయించి, చీకటి పడేలోగా ఇంటికి తీసుకుపోవడం అలవాటు. 1962 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన 605 అడుగుల స్పేస్ నీడిల్ చూడదగ్గదే. అయితే అది డౌన్‌టౌన్‌కు ఉత్తరాన, కాస్త దూరంగా ఉంది. పాత ఊరంతా దక్షిణాన ఉంది. అందులో మిగిలినవాటిలో చాలా భాగం, పడగొట్టబోతుంటే జనం అడ్డుపడి కాపాడుకున్నదే.

మొదట చెప్పాల్సింది పైక్ ప్లేస్ మార్కెట్ గురించి. 1907కు ముందు రైతు పంట దళారి చేతికి వెళ్ళేది, అతను చెప్పిందే ధర. ఉల్లిపాయల ధర మండిపోయి ఇల్లాళ్ళు గగ్గోలు పెట్టడంతో, రైతులే నేరుగా అమ్ముకునేలా వీధిలో చోటివ్వాలని నగర కౌన్సిల్ నిర్ణయించింది. ఆ ఏడాది ఆగస్టు 17న ఎనిమిదో పదో బళ్ళు వచ్చాయి, కొనేవాళ్ళు మాత్రం వేలల్లో వచ్చారు. చూస్తుండగానే సరుకంతా అయిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో రైతు బజార్లు పెట్టింది కూడా ఈ దళారుల బెడద తప్పించడానికే. అందుకే తెలుగు పెద్దవాళ్ళకు ఈ మార్కెట్ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక్కడ కూరగాయల దుకాణాలు రెండు రకాలని తెలిసి వెళ్ళడం మంచిది. ఎత్తుగా, మెట్లుమెట్లుగా పళ్ళు పేర్చి ఉండేవి టోకున తెచ్చి ఏడాది పొడుగునా అమ్మే కొట్లు. తక్కువ ఎత్తు బల్లలు రైతులవి, చేతిపనివాళ్ళవి. వాటి మీద ఎవరు పండించింది, ఎవరు చేసింది వాళ్ళే అమ్మాలన్నది నియమం. రోజూ పొద్దున పేర్లు పిలిచి, సీనియారిటీని బట్టి ఆ రోజు బల్లలు పంచుతారు. పూలబల్లల్లో చాలావరకు లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ కుటుంబాలవే. వసంతంలో ట్యూలిప్‌లు, ఆగస్టు దాటాక డాలియాలు. గుత్తిని తడి కాగితంలో చుట్టి, తాడు బిగించి, అడుగున ఓ సంచి తొడిగి ఇచ్చే పని వాళ్ళ చేతుల్లో నిమిషం పట్టదు.

చేపలు విసిరే కొట్టు దగ్గర ఎప్పుడూ గుంపే. ఆ విసురుడు వేడుక కోసం పుట్టింది కాదు. చేపలు ముందువైపు మంచుగడ్డల మీద ఉంటాయి, తక్కెడ, చుట్టే కాగితం బల్ల వెనకాల ఉంటాయి. ప్రతి చేపకూ చుట్టూ నడిచి వెళ్ళే బదులు విసరడం మొదలైంది. ఒకడు పేరు కేకేస్తే మిగతావాళ్ళంతా అదే మాట అందుకుంటారు. అంతలో బారెడు సాల్మన్ గాల్లో తేలి వెనకవాడి చేతిలోని కాగితంలో పడుతుంది. గోదావరి జిల్లాలవాళ్ళు ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడవచ్చు. పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురీదినట్టే సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికి ఎదురీదుతుంది, దాని రుచినీ ఆ ప్రయాణానికే ముడిపెడతారు. అలాస్కాలోని కాపర్ నది సాల్మన్ మే నెలలో వస్తుంది. ధర ఎక్కువే, కానీ ఒక్కసారైనా తినాల్సిన చేప.

తిండి విషయంలో కొన్ని జాగ్రత్తలు. పిరోష్కీ అనే రష్యన్ రొట్టెల కొట్టు 1992 నుంచి ఉంది. గొడ్డుమాంసం పెట్టినవీ, బంగాళాదుంప, ఉల్లి, చీజ్ పెట్టినవీ ఒకే అద్దాల అరలో ఉంటాయి కనుక అడిగి తీసుకోవాలి. దాల్చినచెక్క, ఏలకులు వేసి జడలా అల్లిన తీపి రొట్టెలో మాంసం ఉండదు. పోస్ట్ ఆలీ సందులో చౌడర్ అమ్మే చిన్న హోటల్ ముందు క్యూ ఉంటుంది. ఆల్చిప్పలతో కాచే ఆ చిక్కటి సూపులో తరచు పందిమాంసం ముక్కలు కూడా వేస్తారని చాలామందికి తెలియదు. 1912లో మొదలైన త్రీ గర్ల్స్ బేకరీలో కౌంటర్ ముందు ఎత్తు బల్ల మీద కూర్చుని తినే శాండ్‌విచ్ బావుంటుంది. 1911 నాటి మార్కెట్‌స్పైస్ కొట్టు గుమ్మంలోనే దాల్చినచెక్క, నారింజ కలిసిన టీ వాసన పలకరిస్తుంది. ఊరికి పట్టుకెళ్ళడానికి అంతకంటే తేలికైన కానుక లేదు.

స్టార్‌బక్స్ సంగతి: కంపెనీ 1971లో మొదలైంది వెస్టర్న్ అవెన్యూలో. ఇప్పుడు అందరూ ఫొటోలు దిగే పైక్ ప్లేస్ కొట్టు ఆ తర్వాత కొన్నేళ్ళకు మారిన చోటు. గోధుమరంగు పాత గుర్తు అక్కడ ఇంకా ఉంది, లోపల కాఫీ మాత్రం అన్నిచోట్లా దొరికేదే. గంటసేపు వరుసలో నిలబడటం దండగ. దానికన్నా నాలుగడుగులు వేసి రేచల్ అనే కంచుపంది దగ్గరికి వెళ్ళడం మేలు. 1986 నుంచి అది మార్కెట్ హుండీ. అందులో పడే చిల్లర పేదలకు ఆహారం, వైద్యం, పిల్లల సంరక్షణ వంటి పనులకు వెళుతుంది. మార్కెట్ భవనాల మీది అంతస్తుల్లో తక్కువ ఆదాయమున్న వృద్ధులు అద్దెకు ఉంటున్నారు. ఇన్ని లక్షలమంది వచ్చిపోయే చోట ఈ మనుషులను బయటికి నెట్టకుండా ఉంచుకోవడం ఈ ఊరు చేసిన గొప్ప పని.

ఇదంతా 1960లలో నేలమట్టం కావాల్సింది. మార్కెట్‌ను కూల్చి ఆఫీసులు, హోటళ్ళు, పార్కింగ్ కట్టే ప్రణాళిక సిద్ధమైంది. విక్టర్ స్టైన్‌బ్రూక్ అనే వాస్తుశిల్పి ముందుండి జనాన్ని కూడగట్టాడు. 1971 నవంబరులో నగర ఓటర్లు కూల్చకూడదని తీర్పిచ్చారు. స్పేస్ నీడిల్ రూపకల్పనలోనూ ఇతని చేయి ఉంది. మార్కెట్ పక్కనే నీటికెదురుగా ఉన్న పార్కుకు అతని పేరు పెట్టారు.

మార్కెట్ కింద కొండమెట్ల మీద జిగ్‌జాగ్ కఫే అనే బారు ఉంది. డెట్రాయిట్‌లో మద్యనిషేధం నాటికే పుట్టి, అందరూ మరిచిపోయిన ‘లాస్ట్ వర్డ్’ అనే కాక్‌టెయిల్‌ను ఇక్కడే మళ్ళీ బతికించారు. జిన్, ఆకుపచ్చ షార్ట్రూజ్, మారస్కీనో, నిమ్మరసం సమపాళ్ళలో కలిపేదది. బార్లలో 21 నిండినట్టు గుర్తింపు చూపాలి, కాబట్టి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ పాస్‌పోర్టులు ఇంట్లో మరిచిపోకూడదు.

ఫోర్త్ అవెన్యూలో 2004లో తెరిచిన కేంద్ర గ్రంథాలయానికి రుసుము లేదు. రెమ్ కూల్‌హాస్ బృందం గీసిన ఈ గాజు భవనంలో పుస్తకాల అంతస్తులు విడివిడిగా ఉండవు. వాలుబాట ఒకటి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది, దాని పొడుగునా నేల మీద వర్గీకరణ సంఖ్యలు రాసి ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పదో అంతస్తు వరకూ లిఫ్టులో వెళ్ళి దిగుతూ చూడవచ్చు.

అక్కడి నుంచి దక్షిణానికి నడిస్తే పయనీర్ స్క్వేర్. 1889 జూన్ 6న ఒక వడ్రంగి కార్ఖానాలో జిగురు పొంగి అంటుకున్న మంట ఊరి నడిబొడ్డునంతా కాల్చేసింది. తర్వాత ఇటుక భవనాలే కట్టాలన్నారు, వీధుల మట్టం ఒక అంతస్తు మేర పైకి లేపారు. దాంతో పాత దుకాణాల గుమ్మాలు నేల కిందికి పోయాయి. 1965 నుంచి ఆ నేలకింది కాలిబాటలను టిక్కెట్టు మీద చూపిస్తున్నారు. టిక్కెట్టు కొనకపోయినా కాళ్ళ కింద చూస్తూ నడవాలి: కాలిబాటలో అక్కడక్కడా చదరపు గాజుబిళ్ళలు ఊదారంగులో కనిపిస్తాయి. కింది అంతస్తుకు వెలుతురు కోసం అమర్చినవవి. అమర్చిన రోజున తెల్లనివే, గాజులోని మాంగనీసు ఏళ్ళ తరబడి ఎండ తగిలి ఆ రంగుకు తిరిగింది. 1961లో ఇక్కడి పాత హోటల్ ఒకటి కూల్చి పార్కింగ్ షెడ్డు కట్టారు. మునిగే ఓడలా ఉన్న ఆ షెడ్డు ఇప్పటికీ ఉంది. దాన్ని చూసి కోపం వచ్చిన జనమే 1970లో మిగతా వీధులకు రక్షణ తెచ్చారు. 1914 నాటి 38 అంతస్తుల స్మిత్ టవర్ ఆ పక్కనే ఉంది. స్పేస్ నీడిల్ వచ్చేదాకా ఊళ్ళో అదే ఎత్తయినది.

ఇంకాస్త తూర్పున చైనాటౌన్ ఇంటర్నేషనల్ డిస్ట్రిక్ట్. జపాన్ సరుకులతో ఎదిగిన ఉవాజిమాయా అనే పెద్ద కిరాణా ఇక్కడిదే. కానీ ఈ పేటలో తప్పక చూడాల్సింది 1910లో కట్టిన పనామా హోటల్. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పైక్ ప్లేస్‌లో బల్లలు వేసుకున్న రైతుల్లో ఎక్కువమంది జపనీయులు. 1942లో ప్రభుత్వం వాళ్ళను నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు, మోయలేని పెట్టెలను కొన్ని కుటుంబాలు ఈ హోటల్ నేలమాళిగలో పెట్టి వెళ్ళాయి. అన్ని కుటుంబాలూ తిరిగి రాలేదు. టీ దుకాణం నేలలో పరిచిన గాజు పలక గుండా కిందికి చూస్తే ఆ ట్రంకులూ సామాన్లూ కనిపిస్తాయి. తెరిచి ఉందో లేదో కనుక్కుని మరీ వెళ్ళండి. వలస వచ్చిన ప్రతి కుటుంబమూ ఆ గాజు పక్కన కాసేపు నిలబడాలి.

సాయంత్రం నీటి ఒడ్డుకు. 1953 నుంచి ఒడ్డుకూ ఊరికీ మధ్య అడ్డుగోడలా నిలిచిన రెండంతస్తుల ఫ్లైఓవర్‌ను 2019లో తొలగించారు. ఈ ఊళ్ళో కూల్చినందుకు సంతోషించాల్సింది అదొక్కటే. 2024 అక్టోబరులో మార్కెట్ నుంచి ఒడ్డుకు విశాలమైన నడకదారి తెరిచారు. పియర్ 54 దగ్గర ఐవార్స్‌లో చేపలు, బంగాళాదుంప వేపుళ్ళు కొనుక్కుంటే సముద్రపు గువ్వలు చేతిలోంచే అందుకుంటాయి. ఆ పక్క రేవు నుంచి బెయిన్‌బ్రిడ్జ్ దీవికి ఫెర్రీలో 35 నిమిషాలు. ఆ పడవ వెనక డెక్ మీద నుంచి డౌన్‌టౌన్ మొత్తం ఒక్క చూపులో కనబడుతుంది. వేసవిలో తొమ్మిది దాటేదాకా వెలుతురుంటుంది. నడిచి ఎక్కేవాళ్ళకు టిక్కెట్టు పోయేటప్పుడే, తిరిగి వచ్చేటప్పుడు లేదు.