బొటనవేలికి తెలిసే చోటు

జనవరి 6

మోకాళ్ళ ఆపరేషన్‌కి ముందు చెకప్‌కి ఒక పెద్దమ్మ వచ్చింది. కుర్చీలో కూర్చుంటూనే అడిగింది: "బిడ్డా, ఎన్నుల సూదేస్తే నడుము జిందగీ అంత గుంజుతదట గదా?" మత్తు డాక్టర్‌ని ఈ మాట అడగని పేషెంట్లు తక్కువ. సూది దిగిన చోట నాలుగు రోజులు సలుపు ఉంటుంది. ఏళ్ళ తరబడి పీడించే నడుము నొప్పికి మాత్రం అది కారణం కాదు. కాన్పు నొప్పులకి ఈ వెన్ను మత్తు, ఎపిడ్యూరల్, తీసుకున్నవాళ్ళనీ తీసుకోనివాళ్ళనీ పోల్చి చూసిన అధ్యయనాల్లో తేలిందీ అదే. నిదానంగా చెప్పాను. నమ్మిందో లేదో గానీ, నా చెయ్యి వదల్లేదు.

లేచి వెళ్తుండగా కొడుకన్నాడు: "గుండెకు స్టెంటేసిన్రు మేడం, రక్తం పల్చవడే గోళి ఏసుకుంటది." అసలు మాట ఇది! ఎపిడ్యూరల్ చోటులో, అంటే వెన్నుపాము పొరకి బయటి సందులో, రక్తం గడ్డకడితే చుట్టూ ఎముకే కాబట్టి అది వెన్నుపామునే నొక్కుతుంది. గంటల్లో తీసేయకపోతే కాళ్ళు పోతాయి. ఆమె వేసుకునే క్లోపిడోగ్రెల్ 5 నుంచి 7 రోజుల ముందే ఆపాలి. స్టెంట్ ఉన్న మనిషికి ఆపమనడం నా ఒక్కదాని నిర్ణయం కాదు. కార్డియాలజిస్టుకి రాసి పంపాను.

జనవరి 9

ఇవాళ ఎపిడ్యూరల్ పీజీ అమ్మాయి చేత చేయించాను. పేషెంటుని బల్ల అంచున కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి నడుము వెనక్కి తొయ్యమన్నాం. రెండు తుంటి ఎముకల పై అంచుల్ని కలిపితే ఆ గీత నాలుగో నడుము పూస దగ్గరికి వస్తుంది. దానికి పై సందులో సూది. 18 గేజ్ టుయోహీ, కొన వంకర, ఒంటిమీద సెంటీమీటరుకో గీత. వెనక సెలైన్ నింపిన సిరంజి.

తర్వాత అంతా బొటనవేలే. పూసల మధ్య లిగమెంటులో సూది ఉన్నంతసేపూ పిస్టన్ కదలదు, ఎదురు తంతుంది. పసుపు లిగమెంటు దగ్గర ఇంకా బిరుసు. ఆ అమ్మాయి ఎడమచేతి వేళ్ళు పేషెంటు వీపుకి ఆన్చి, మిల్లీమీటరు మిల్లీమీటరు చొప్పున తోసింది. ఒక్కసారిగా వేలికింద అడ్డు పోయింది, సెలైన్ దానంతటదే లోపలికి జారింది. లోతు నాలుగున్నర సెంటీమీటర్లు. ఇంకొన్ని మిల్లీమీటర్లు అలవాటుగా తోస్తే డ్యూరా పొర చిరిగి, లేచి కూర్చుంటే చాలు తల పగిలే నొప్పి. ఆమె ఆగింది. ఆగడమే ఈ పనిలో చేతికి అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే విద్య.

సూదిలోంచి సన్నటి గొట్టం, క్యాథెటర్, లోపలికి పంపి, చర్మం దగ్గర 9 సెంటీమీటర్ల గీత వద్ద అతికించాం. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ 3 మిల్లీలీటర్లు ఇచ్చి మానిటర్ చూశాం. రక్తనాళంలో పడితే నిమిషంలో గుండె వేగం పెరుగుతుంది, వెన్నునీటిలో పడితే కాళ్ళు కాసేపట్లోనే బరువెక్కుతాయి. రెండూ లేవు.

జనవరి 10

నడుము దగ్గర ఎపిడ్యూరల్ మొదట ఎవరు చేశారని పీజీ అమ్మాయి అడిగింది. ఫిదెల్ పజేస్, స్పెయిన్ సైన్యంలో సర్జన్. 1921లో రాశాడు, స్పానిష్‌లో. 1923లో కారు ప్రమాదంలో పోయాడు. ఆయన రాసిన పదేళ్ళకి ఇటలీలో డొలియోట్టి అదే దారిని మళ్ళీ కనుక్కున్నాడు. పజేస్ ముందే చేశాడని తెలిశాక ఆ మాట ఒప్పుకున్నాడు. అందుకు ఆయనంటే నాకు గౌరవం.

జనవరి 17, రాత్రి

కడుపు క్యాన్సర్ ఆపరేషన్ అయిన పెద్దాయనని చూడటానికి వార్డుకి వెళ్ళాను. ఛాతీ పూసల మధ్య పెట్టిన క్యాథెటర్. పంపులో 0.125 శాతం బుపివకైన్, కొంచెం ఫెంటానిల్. దిండు పొట్టకి అదుముకుని గట్టిగా దగ్గాడు. కఫం వచ్చింది. ఆ దగ్గు కోసమే ఇదంతా. పొట్ట పైభాగం కోసినవాళ్ళు నొప్పికి జడిసి ఊపిరి పైపైనే తీస్తారు, కఫం అడుగున పేరుకుంటుంది, న్యుమోనియా దిగుతుంది.

పక్క మంచం మీదాయనకి ఎపిడ్యూరల్ లేదు. మూలుగుతుంటే బంధువులు "ఓర్చుకోవాలె మరి" అంటున్నారు. ఎందుకు ఓర్చుకోవాలి? కోత ఎలాగూ తప్పలేదు. నొప్పి తప్పించడానికి మందుంది. డ్యూటీ డాక్టర్ని పిలిచి ఆయనకీ మందు రాయించాను.

రెండు గంటలకి సిస్టర్ ఫోన్: "మేడం, పెద్దాయనకి బీపీ 84." మత్తు నొప్పి నరాలతో ఆగదు, రక్తనాళాల్ని బిగించి ఉంచే నరాల్నీ పడుకోబెడుతుంది. సెలైన్ ఎక్కించి, మెఫెంటెర్మిన్ ఇచ్చి, పంపు తగ్గించాం. అరగంటలో 110. ఆ సిస్టర్ గంట గంటకీ చూడకపోతే? రాత్రి చూసే మనిషి లేని వార్డుకి పంపాల్సిన పేషెంటుకి నేను ఎపిడ్యూరల్ పెట్టను. సర్జన్ ఎంత అడిగినా సరే.

జనవరి 20

పెద్దాయన క్యాథెటర్ తీసేశాను. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపారిన్ నిన్న రాత్రి 9కి ఇచ్చారు, 12 గంటలు గడవాలని ఉదయం 10 దాకా ఆగాను. కొన పూర్తిగా వచ్చిందని సిస్టర్‌కి కూడా చూపించాను. తర్వాతి డోసు రాత్రి 9కి. కాళ్ళు మళ్ళీ బరువెక్కినా, నడుములో కొత్తగా నొప్పి మొదలైనా ఏ వేళకైనా నాకు ఫోన్ చెయ్యాలని షీట్ మీద రాసి, కింద నంబర్ వేశాను.