రైలు కట్ట మీద సైకిల్‌ సవారీ!

రైలు ఆగిపోతే ఊరేమవుతుంది? ముందు స్టేషన్‌కి తాళం పడుతుంది. తర్వాత దాన్ని నమ్ముకున్న దుకాణానికి. ఆపై కుర్రాళ్లు పట్నం బాట పడతారు. 1990లో న్యూజిలాండ్‌ దక్షిణ దీవిలోని సెంట్రల్‌ ఒటాగో పల్లెలకు పట్టుకున్న దిగులు ఇదే. కానీ ఆ ఊళ్లు బతికాయి. ఎలాగో తెలియాలంటే సైకిలెక్కాల్సిందే!

డునెడిన్‌ నుంచి లోపలి ప్రాంతాలకు రైలుదారి పనులు 1879లో మొదలయ్యాయి. క్లైడ్‌ చేరేసరికి 1907 అయింది. గొర్రెలు, ఉన్ని, పండ్లు... అన్నీ ఈ దారినే వెళ్లేవి. లారీలొచ్చాక గిరాకీ తగ్గింది. చివర్లో క్లైడ్‌ డ్యామ్‌కి సామగ్రి మోసిన రైలు, ఆ పనీ అయిపోయాక ఆగిపోయింది. పట్టాలు పీకేశారు. మిగిలిన కట్టను ప్రభుత్వ పరిరక్షణ శాఖ 1993లో తీసుకుంది. వంతెనల మీద చెక్కలు పరిచి, కంకర చదును చేసి, 2000లో ‘ఒటాగో సెంట్రల్‌ రైల్‌ ట్రైల్‌’గా ప్రారంభించింది.

మిడిల్‌మార్చ్‌ నుంచి క్లైడ్‌ దాకా 152 కిలోమీటర్లు. నడవొచ్చు, సైకిలు తొక్కొచ్చు, గుర్రమెక్కీ వెళ్లొచ్చు. మోటారు బండ్లకు మాత్రం ప్రవేశం లేదు. టిక్కెట్టూ లేదు. రైలు నిటారు కొండలెక్కలేదు కదా! అందుకే ఈ దారిలో చడావులన్నీ మెల్లగానే ఉంటాయి. బడి పిల్లలూ తాతయ్యలూ కూడా హాయిగా తొక్కేస్తారు. అత్యంత ఎత్తయిన చోటు 618 మీటర్లే. ఆయాసమల్లా ఎదురుగాలితోనే!

హైడ్‌ సమీపంలో ఓ రాతి స్మారకం కనిపిస్తుంది. 1943 జూన్‌ 4న మితిమీరిన వేగంతో వచ్చిన రైలు ఇక్కడి మలుపులో పట్టాలు తప్పింది. 21 మంది చనిపోయారు. అక్కడ కాసేపు మౌనంగా నిలబడి ముందుకు సాగాలి.

వెడర్‌బర్న్‌లో ఆకుపచ్చ గూడ్సు షెడ్డు ఉంది. గ్రాహమ్‌ సిడ్నీ గీసిన చిత్రంతో దానికి పేరొచ్చింది. రైలు పోయాక షెడ్డునీ తరలించారు. తర్వాత మళ్లీ తెచ్చి పాతచోటే నిలబెట్టారు. అది దాటాక 45 డిగ్రీల దక్షిణ అక్షాంశ రేఖ వస్తుంది. అంటే భూమధ్యరేఖకూ దక్షిణ ధ్రువానికీ దాదాపు నడిమధ్యన మన సైకిలన్నమాట!

అసలు సందడి పూల్‌బర్న్‌ లోయలో. 37 మీటర్ల ఎత్తున వంతెన, వెంటనే రెండు సొరంగాలు. లోపల చిమ్మచీకటి. టార్చి తప్పనిసరి. పిల్లలైతే కేకలేసి ప్రతిధ్వని వినకుండా బయటికి రారు.

బాట వేస్తామన్నప్పుడు మొదట్లో అనుమానపడ్డ రైతులున్నారు. కానీ సైకిళ్లు రావడం మొదలయ్యాక పాత ఇళ్లు బసలయ్యాయి. హోటళ్ల పొయ్యిలు మళ్లీ వెలిగాయి. రైలు తేలేని రాబడిని సైకిలు తెచ్చింది.

వెళ్లాలనుకుంటే మన చలికాలంలో బయల్దేరండి, అక్కడది వేసవి. ఏప్రిల్‌లో అయితే రంగులు మారిన ఆకులు చూడొచ్చు. సైకిలు మీద మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. అద్దె సైకిళ్లు దొరుకుతాయి. సామాన్లు తర్వాతి మజిలీకి చేర్చేవాళ్లూ ఉన్నారు. తొందర మాత్రం వద్దు... ఇక్కడ తప్పిపోవడానికి రైలేమీ లేదు!