తియ్యటి పాకానికి ఏ మంట?
మంచు కరిగే మార్చిలో అమెరికాలోని వెర్మాంట్ వెళ్ళారనుకోండి, పాకల కప్పుల్లోంచి తెల్లటి ఆవిరి లేస్తుంటుంది. మేపుల్ చెట్ల రసం కాగుతోందన్నమాట! 40 గ్యాలన్లు మరిగిస్తే దక్కేది ఒక్క గ్యాలన్ పాకం. కట్టెల పొయ్యికి పది నిమిషాలకోసారి మేత వెయ్యాలి. రసం బాగా కారిన రోజు రాత్రంతా శివరాత్రే! పైగా రసం అయిపోయినా నిప్పులు చల్లారవు, పెనం మాడుతుంది.

అందుకే కొందరు పొయ్యి లోపల వేడికి ఓర్చే ఇటుకలు పేర్చి, నోటికి ఆయిల్ బర్నర్ బిగించారు. మీట నొక్కితే మంట, మళ్ళీ నొక్కితే బంద్. మనిషి ఒక్కడు చాలు. రుచి పోదా అంటారేమో. అది పొగలోది కాదండీ, మరుగులోది.

అయితే 1973లో చమురు ధర భగ్గుమనేసరికి కట్టెలే నయమన్నవాళ్ళూ లేకపోలేదు. నా ఓటూ ఆ పాత పొయ్యికే. దాని చుట్టూ ఇరుగుపొరుగు చేరి కబుర్లాడుకుంటారు. బర్నర్ హోరులో పక్కవాడి మాటే వినపడదు.